బిగుసుకున్న తెడ్డు పాడైన తెడ్డు కాదు



వచ్చే సర్వసభ్య సమావేశం అజెండా అందరికీ అందే ఉంటుంది. అందులో ఆరో అంశం చూడండి. "వరద సహాయ సామగ్రిలో పాడైన తెడ్లను అమ్మివేసి కొత్తవి కొనుట" అని ఉంది. ఒక్క వాక్యమే. భోజనాల వేళ దగ్గరపడ్డాక చేతులెత్తి దాటించేసే అంశంలా కనిపిస్తుంది. మేము దీన్ని ఒప్పుకోవడం లేదు. ఎందుకో సమావేశంలో రెండు నిమిషాల్లో చెప్పలేం కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా అభ్యంతరం "పాడైన" అన్న మాట దగ్గరే మొదలవుతుంది. ఆ తెడ్లు పాడవలేదు, బిగుసుకుపోయాయి. ఈ రెండూ ఒకటి కాదు. పాడైనదాన్ని పారేయాలి. బిగుసుకున్నదాన్ని విడదీయాలి. తేడా తెలుసుకోకుండా రెండింటినీ కాయలాన్ కడకు పంపితే, వచ్చే ఏడు కొత్త తెడ్లు కూడా అదే దారిన వెళ్తాయి.

కొత్తగా చేరిన సభ్యుల కోసం ముందు కథ చెబుతాం. 2015 డిసెంబర్ 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నీళ్లు అడయారు నది పట్టకుండా ఊరి మీదికి వచ్చినప్పుడు చెన్నైలో ఏం జరిగిందో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో మత్స్యకారులు తమ పడవలు తెచ్చి వీధుల్లో చిక్కుకున్నవాళ్లను బయటికి తీశారు. అది చూశాకే మన సంఘం చందాలు పోగుచేసి రెండు ప్లాస్టిక్ పడవలు, ఎనిమిది తెడ్లు, ఆరు లైఫ్ జాకెట్లు కొన్నది. వానలు లేని నెలల్లో కుర్రాళ్లు వాటిని ముట్టుకాడు ఉప్పుటేరుకు తీసుకెళ్లి నడపడం నేర్చుకుంటారు. అది మంచి ఏర్పాటే. పడవ నడపడం వరద వచ్చిన రోజు నేర్చుకునే విద్య కాదు.

తెడ్డు అంటే మన ఇళ్లలో సంగటి కెలికేది. తమిళంలో తుడుప్పు అన్నా అంతే, పడవదీ అదే మాట, కుండలో తిప్పేదీ అదే మాట. మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్లం. తెలుగు ఇంట్లో నేర్చుకున్నది. అందుకేనేమో రెండు భాషల్లోనూ ఒక్క మాట వంటింటికీ నీటికీ సరిపోవడం మాకు ముచ్చటగా ఉంటుంది. బకింగ్‌హాం కాలవ మీద తెలుగు దేశం నుంచి మద్రాసుకు సరుకు పడవలు వచ్చిన రోజులు మా పెద్దలకు తెలుసు. కాబట్టి పడవ మనకు కొత్త వస్తువేం కాదు. ఇప్పుడున్న తెడ్డు తీరు మాత్రం కొత్త.

ఆ తీరు ఏమిటంటే, ఇది రెండు ముక్కల తెడ్డు. నడుమ అల్యూమినియం గొట్టం, రెండు కొసలా ప్లాస్టిక్ రెక్కలు. గొట్టం మధ్యలో అతుకు ఉంటుంది. ఒక ముక్క రెండోదాని లోపలికి దూరుతుంది. లోపలి ముక్కకు స్ప్రింగు మీద నిలిచే చిన్న స్టీలు బటన్ ఉంటుంది, అది బయటి ముక్కకున్న రంధ్రంలోంచి టక్కున పైకి వచ్చి కూర్చుంటుంది. బటన్ నొక్కి లాగితే ముక్కలు విడిపోవాలి. ఇది సోకు కోసం పెట్టింది కాదు. కలిపితే తెడ్డు 220 సెంటీమీటర్ల పొడవు. అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు, ఆటోలో పట్టదు, బండి వెనక కూర్చుని పట్టుకెళ్లడం ప్రమాదం. రెండు ముక్కలు చేస్తే సంచిలో వేసుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చు. వరదలో పడవ ఒక చోట, నీళ్లు మరో చోట ఉంటాయి. అందుకే ఆ అతుకు విడవడం, మళ్లీ కలవడం, కలిశాక గట్టిగా నిలవడం, మూడూ ముఖ్యమే.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటకముందే చెన్నైని ముంచింది కదా. ఆ నాలుగో తేదీ మన కుర్రాళ్లు షెడ్డు తెరిస్తే ఎనిమిది తెడ్లలో ఐదు కలిసినవి కలిసినట్టే బిగుసుకుని ఉన్నాయి. వాటిని తీసుకెళ్లే వీలు లేక మిగిలిన మూడింటితో బయల్దేరారు. ఆ మూడింటిలో ఒకదానికి బటన్ లోపలే ఇరుక్కుని పైకి రావడం లేదు. తొందరలో ఎవరూ చూడలేదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్న ఒక వృద్ధ దంపతులను తేవడానికి వెళ్తుంటే వీధి మధ్యలో ఆ తెడ్డు చేతిలోనే తిరిగిపోయి రెండుగా ఊడింది. ఒక ముక్క నీళ్లలో కొట్టుకుపోయింది. పడవ అడ్డం తిరిగింది. ఒక ఇంటి గేటు అందింది కాబట్టి పిల్లలిద్దరూ పట్టుకుని ఆగారు. ఎవరికీ ఏం కాలేదు. తెడ్డు ముక్క మర్నాడు కల్వర్టు దగ్గర దొరికింది. గేటు అందకపోతే ఏమయ్యేదో మీరే ఆలోచించండి. ఇదంతా ఒక గోళీ అంత లేని బటన్ వల్ల.

ఇది ఎవరి తప్పని వెతకడానికి చెప్పడం లేదు. అతుకు ఎందుకు బిగుసుకుంటుందో తెలిస్తే తప్పొప్పుల లెక్క అక్కర్లేదు.

కారణాలు మూడు. మొదటిది ఉప్పు. ముట్టుకాడులో నీళ్లు సముద్రంతో కలిసే నీళ్లు. రెండు గొట్టాల మధ్య ఉన్న సందు వెంట్రుకంత కూడా ఉండదు, అయినా నీళ్లు అందులోకి ఎక్కుతాయి. నీళ్లు ఆరతాయి, ఉప్పు అక్కడే గడ్డకడుతుంది. మళ్లీ వాడితే మళ్లీ ఉప్పు చేరుతుంది. రెండోది ఇసుక. ఒడ్డున తెడ్డు పడేస్తే అతుకులోకి నాలుగు రేణువులు దూరినా చాలు, మేకు కొట్టినట్టే. మూడోది లోహానికి సంబంధించింది, దీన్నే ఎక్కువమంది పట్టించుకోరు. ఇనుముకు తుప్పు పడుతుంది, ఇత్తడికి చిలుము పడుతుంది, అల్యూమినియానికి ఏమీ పట్టదని మనవాళ్ల నమ్మకం. పడుతుంది. తెల్లగా సున్నపు పొడిలా వస్తుంది. ఆ పొడి తినేసిన లోహం కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. లేని సందులో అది ఉబ్బితే గొట్టాలు ఒకదాన్నొకటి పట్టేస్తాయి. దానికి తోడు బటన్ స్టెయిన్‌లెస్ స్టీలు. అల్యూమినియం, స్టీలు ఒకదానికొకటి ఆనుకుని ఉప్పునీళ్లలో ఉంటే అది చిన్న బ్యాటరీ లాంటిదే. అందులో అరిగేది ఎప్పుడూ అల్యూమినియమే. అందుకే తెల్లపొడి అన్నిటికంటే బటన్ చుట్టూ ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ మూడూ కలిసి పనిచేయడానికి ఒక్క షరతు చాలు. వాడిన తెడ్డును విప్పకుండా, కడగకుండా పెట్టేయడం.

మేము రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్లం, గ్యాంగులో సుత్తి పట్టినవాళ్లం కాదు. కానీ ఇంజనీరింగ్ కాగితాలు మా బల్ల మీదుగానే వెళ్లేవి. పట్టాల అతుకుల దగ్గర ఫిష్‌ప్లేట్లు విప్పి, తుడిచి, గ్రాఫైటు, కిరసనాయిలు కలిపిన ముద్ద పూసి మళ్లీ బిగించడం ఏడాదికి ఒకసారి చలి నెలల్లో జరిగే పని. పట్టా బాగున్నా చేయాల్సిందే. ఎండకు పట్టా సాగాలి, చలికి ముడుచుకోవాలి, అతుకు దానికి దారి ఇవ్వాలి. బిగుసుకున్నాక చూద్దాంలే అనే మాట ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు. తేదీ ఉంటుంది, చేసిన మేస్త్రీ సంతకం ఉంటుంది. మన షెడ్డులో లేనిది అదే.

ఇక్కడ ఒక హెచ్చరిక. రైల్వే పద్ధతి మంచిదని చెప్పి ఎవరైనా పెన్సిలు ముక్కు పొడి, గ్రాఫైటు గ్రీజు తెచ్చి తెడ్డుకు పూయకండి. ఉక్కు పట్టాకు పనికొచ్చేది అల్యూమినియానికి శత్రువు. ఉప్పు తడి తగిలితే గ్రాఫైటు కూడా స్టీలు బటన్ చేసే పనే చేస్తుంది, ఇంకా గట్టిగా చేస్తుంది. పద్ధతిలో తీసుకోవాల్సింది తేదీనీ సంతకాన్నీ, పూతను కాదు.

పోయిన నెలలో మేము నలుగురం పెన్షనర్లం రెండు ఆదివారాలు షెడ్డులో కూర్చున్నాం. ఏం చేశామో వరుసగా చెబుతాం. మీ ఇంట్లో గొడుగు కర్ర, టెంటు గొట్టం, నడిచే స్టాండు, ఏది బిగుసుకున్నా ఇందులో సగం పనికొస్తుంది.

ముందు చేయకూడనివి. సుత్తితో కొట్టకూడదు. సన్న గొట్టానికి ఒక్క సొట్ట పడితే ఇక జన్మలో విడవదు. పైపు రెంచి పళ్లు ఆనించకూడదు, అదీ అంతే. గ్యాస్ పొయ్యి మీద, బ్లో ల్యాంపు మీద పెట్టకూడదు. ప్లాస్టిక్ రెక్క కరుగుతుంది. ఫైబరు గొట్టాలైతే వాటిని అతికించిన జిగురే మెత్తబడుతుంది. రెక్కలు పట్టుకుని మెలితిప్పకూడదు. అందరూ చేసేది ఇదే, ఎందుకంటే రెక్క చేతికి బాగా దొరుకుతుంది. అతుకు విడవదు, రెక్క మొదట్లో చీలుతుంది. పట్టు ఎప్పుడూ గొట్టం మీదే ఉండాలి. ఇక మోరీ శుభ్రం చేసే కాస్టిక్ పొడి, చాకలి సోడా దగ్గరికి కూడా రానివ్వకూడదు. అవి అల్యూమినియాన్ని తినేస్తాయి.

ఇప్పుడు చేయాల్సినవి. మొదటి మందు మంచినీళ్లు. బిగించిన ఉప్పు నీళ్లలోనే కరగాలి కదా. అతుకు మునిగేలా రాత్రంతా నానబెట్టాలి. అంత పొడవు తొట్టి మన దగ్గర లేదు, అందుకని పాత తువ్వాలు తడిపి అతుకు చుట్టూ చుట్టి, మీద ప్లాస్టిక్ కవరు కట్టి, మూడు నాలుగు గంటలకోసారి మళ్లీ తడిపాం. ఏ నీళ్లన్నది ముఖ్యం. తీరానికి దగ్గర మన ప్రాంతంలో చాలా బోర్లలో ఉప్పునీళ్లే. మెట్రో వాటరు గానీ పట్టిన వాననీళ్లు గానీ వాడాలి. ఆర్.ఓ. మిషను వదిలే వృథా నీళ్లు దాచి గిన్నెలు కడిగే అలవాటు మంచిదే, తెడ్డుకు మాత్రం వద్దు. తీసేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి.

నానాక బటన్ సంగతి చూడాలి. బటన్ పూర్తిగా లోపలికి దిగకపోతే ఎంత లాగినా అది గొళ్లెంలాగా పట్టుకునే ఉంటుంది. దాని చుట్టూ గిన్నెల సబ్బు నీళ్లు చుక్కలు చుక్కలుగా వేసి, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, మొండి చెక్కపుల్లతో నొక్కుతూ వదులుతూ ఉండాలి. స్ప్రింగు ఆడుతున్నట్టు చేతికి తెలిశాకే తర్వాతి పని.

తర్వాత లాగడం కాదు, తిప్పడం. బటన్ నొక్కి పట్టి అటో పిసరు ఇటో పిసరు తిప్పాలి. రెండు గొట్టాల మధ్య గట్టిపడిన పొర విరిగితే చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విన్నామంటే సగం పని అయినట్టే. చెయ్యి జారితే పాత సైకిలు ట్యూబు ముక్కలు గొట్టానికి చుట్టుకోవాలి.

లాగడానికి ఇద్దరు కావాలి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఒకరు ఒక ముక్క, ఇంకొకరు ఇంకో ముక్క పట్టుకుని టగ్ ఆఫ్ వార్ ఆడితే పట్టు వంకర పోతుంది, ఊడిన క్షణంలో ఇద్దరూ వెల్లకిలా పడతారు. అలా కాదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఒక్కొక్కరూ ఒక చెయ్యి అతుక్కు ఇవతల, ఒక చెయ్యి అవతల వేయాలి. నాలుగు చేతులూ గొట్టం మీదే ఉంటాయి. ఒకేసారి చేతులు దూరం జరిపితే లాగుడు నిటారుగా వస్తుంది. ఒంటరిగా ఉంటే కొంచెం కూర్చున్నట్టు వంగి, తెడ్డును మోకాళ్ల వెనక అడ్డంగా పెట్టి, మోకాళ్లకు అటూ ఇటూ గొట్టాన్ని పట్టుకుని, కాళ్లతో చేతులను బయటికి నెట్టాలి. చేతి బలం కంటే కాలి బలం ఎక్కువ. మా వయసువాళ్లు మాత్రం నడుము చూసుకోండి, ఇది కుర్రాళ్లకు అప్పజెప్పే పని. మొహం అతుక్కు దూరంగా ఉంచండి.

ఐదింటిలో మూడు ఇంతటితోనే విడిపోయాయి. అంటే నీళ్లు, సబ్బు, ఓపిక.

నాలుగోదానికి ఉపాయం చెప్పింది మా ఇంటావిడ. ఒక స్టీలు గ్లాసులో ఇంకో గ్లాసు ఇరుక్కుంటే ఏం చేస్తారు? లోపలి గ్లాసులో చన్నీళ్లు పోసి, బయటి గ్లాసును వేణ్ణీళ్లలో పెడతారు. తెడ్డుకూ అదే. లోపలి ముక్కకు ఐసు తువ్వాలు చుట్టి చల్లబరిచాం. బయటి ముక్క మీద అతుకు దగ్గర చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లు ధారగా పోశాం. మరిగే నీళ్లు కాదు. అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. అయినా 30 మిల్లీమీటర్ల గొట్టం 40 డిగ్రీల తేడాకు మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన రెండు మూడు వంతులే సాగుతుంది, వెంట్రుక మందం కూడా కాదు. కానీ పొర విరగడానికి అది చాలు. నాలుగోసారి పోసినప్పుడు విడిపోయింది. వేడి తగ్గేలోపే తిప్పాలి, ఆలస్యం చేస్తే రెండూ ఒకే వేడికి వచ్చి మళ్లీ మొదటికొస్తుంది.

ఐదోది విడవలేదు. సందులోకి వినిగరు పోసి పావుగంట ఉంచి కడిగాం. పులుపు ఆ తెల్లపొడిని కొంత కరిగిస్తుంది, కానీ రాత్రంతా ఉంచితే లోహాన్నీ తింటుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రోజు ఆగాం. అదీ ప్లాస్టిక్‌కు, రబ్బరుకు తగలకుండా. కదల్లేదు. ఇంకా బలం పెడితే గొట్టం వంగుతుందనిపించి ఆపేశాం. దాన్ని కూడా పారేయమని మేము అనం. ఒకే ముక్క తెడ్డుగా అది దివ్యంగా పనిచేస్తుంది. పడవ ఉన్నచోటే, పడవకే కట్టేసి ఉంచవచ్చు.

బటన్ ఇరుక్కున్న ఆ మిచౌంగ్ తెడ్డును కూడా విప్పి, స్ప్రింగు తీసి చూస్తే లోపల బటన్ చుట్టూ ఇసుక, తెల్లపొడి పేరుకుని ఉన్నాయి. కడిగితే బటన్ టక్కున పైకి లేచింది. అంతే.

ఇప్పటికి లెక్క ఇది. ఎనిమిదిలో ఏడు విడుస్తున్నాయి, కలుస్తున్నాయి, నిలుస్తున్నాయి. ఒకటి ఒకే ముక్కగా పనికొస్తుంది. సబ్బు, వినిగరు, బ్రష్షులు, నూనె అన్నీ కలిపి మాకు 340 రూపాయలైంది. కొన్నప్పటి బిల్లులో ఒక్కో తెడ్డు 1,800. ఎనిమిదికి 14,400. ఇది ఎవరో ఒకరు ఇచ్చిన డబ్బు కాదు. వంద, రెండొందలు వేసుకుని మనందరం ఇచ్చినది.

కమిటీలో కొందరు తమ్ముళ్లు చెప్పిన అభ్యంతరాలు విన్నాం. అవి తీసిపారేయదగ్గవి కావు.

ఒకటి, బాగుచేసినదాన్ని ప్రాణాల మీద పెట్టి నమ్మలేం అని. న్యాయమైన మాట. అందుకే చూడాల్సినవి రాసి పెట్టాం. గొట్టం మీద, ముఖ్యంగా అతుకు దగ్గర, పగులు గానీ సొట్ట గానీ ఉందా? బటన్ రంధ్రం గుండ్రంగా ఉందా, అరిగి కోలగా అయిందా? రెక్క మొదట్లో తెల్లని గీతలా చీలిక కనిపిస్తోందా? బటన్ తనంతట తాను పూర్తిగా పైకి లేస్తోందా? కలిపాక ఊగుతోందా? ఈ ఐదింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ తెడ్డును పక్కన పెట్టండి, మేమే కాయలాన్ కడకు మోసుకెళ్తాం. ఏడూ ఈ పరీక్ష దాటాయి. కుర్రాళ్లు ముట్టుకాడులో ఒక పూటంతా వాడి చూశారు కూడా. కొత్తది కాబట్టి నమ్మకం, పాతది కాబట్టి అనుమానం అనేది పరీక్ష కాదు. మిచౌంగ్ రోజున ఊడిన తెడ్డు కూడా ఒకప్పుడు కొత్తదే.

రెండు, అందరికీ ఉద్యోగాలు, చదువులు, దీనికి టైమెక్కడిది అని. వాడిన రోజున విప్పి, మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, ముక్కలు విడివిడిగా పెట్టడానికి ఒక్కో తెడ్డుకు రెండు నిమిషాలు. బిగుసుకున్నాక విడదీయడానికి మాకు రెండు ఆదివారాలు. టైము లేనివాళ్లే ముందు పని ముందు చేయాలి. కడిగాక కొబ్బరినూనె, గ్రీజు లాంటివి పూయక్కర్లేదు. జిడ్డుకు ఇసుక అంటుకుని మళ్లీ మొదటి కథే. శుభ్రంగా, పొడిగా ఉండటమే దానికి నూనె. అతుకును గరుకు కాగితంతో బాగా రుద్దకూడదు కూడా. వదులైన అతుకు బిగుసుకున్నదానికంటే ప్రమాదం.

మూడు, ఇవన్నీ ఫైర్ సర్వీసు చూసుకుంటుంది, మనకెందుకు అని. ఫైర్ సర్వీసు రావాలి, వస్తుంది. నగరమంతా ఒకేసారి మునిగిన రోజు మన వీధి వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ మధ్య గంటల కోసమే మనం ఈ పడవలు కొన్నది.

మా ప్రతిపాదన మూడు ముక్కల్లో చెబుతాం.

మొదటిది, 14,400 రూపాయలు తెడ్లకు కాదు, లైఫ్ జాకెట్లకు ఖర్చుపెట్టాలి. ఆరింటిలో రెండింటికి బకిళ్లు విరిగాయి. చిన్నపిల్లల కొలతది ఒక్కటీ లేదు. తెడ్డు నీటిలో పోతే పడవ ఆగుతుంది. జాకెట్టు బకిలు ఊడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మనకు నిజంగా కొనాల్సినవి ఉన్నాయి. బాగున్నవాటిని అమ్మి అవే మళ్లీ కొనే స్తోమత లేదు.

రెండోది, ఒక తేదీ. ఈశాన్య ఋతుపవనం అక్టోబర్ నడిమి నుంచి మొదలవుతుంది. దానికి కొంచెం ముందో వెనకో ఆయుధ పూజ వస్తుంది. రైల్వే షెడ్లలో, వర్క్‌షాపుల్లో, ఆఫీసుల్లో ఆ రోజు యంత్రాలు తుడిచి బొట్టు పెట్టడం మనం జీవితమంతా చూశాం. మన షెడ్డులో కూడా ప్రతి ఏడూ పడవకు పసుపు కుంకుమ పెడుతూనే ఉన్నాం. ఇకమీద బొట్టు పెట్టేముందు ప్రతి తెడ్డునూ విప్పాలి, కడగాలి, పైన చెప్పిన ఐదు ప్రశ్నలూ వేయాలి. విడవని తెడ్డుకు బొట్టు లేదు. చందనం రెక్క మీద పెట్టండి, అతుకు మీద వద్దు. ఎండిన చందనం కూడా సందులో ఇసుకలాంటిదే.

మూడోది, ఒక నోటుబుక్కు. తెడ్డుకో నంబరు వేసి, ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు తెచ్చారు, కడిగారా, విప్పి పెట్టారా అని నాలుగు గడులు. కింద సంతకం. గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోలేదు అని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఎవరి పనో రాసి లేని పని అందరి పనీ అవుతుంది, చివరికి ఎవరి పనీ కాకుండా పోతుంది. పుస్తకం మేము రాస్తాం. మాకు ఒక కుర్రాడో అమ్మాయో తోడు కావాలి, ఎందుకంటే మా తర్వాత ఆ పుస్తకం ఎవరో ఒకరి చేతిలో ఉండాలి.

సంఘాల్లో మనం కొనడానికి బాగా ముందుకొస్తాం. కొన్న రోజు ఫొటో తీస్తాం, ఇచ్చినవాళ్ల పేర్లు చదువుతాం, చప్పట్లు కొడతాం. కొన్నదాన్ని చూసుకోవడానికి చప్పట్లు ఉండవు. బడ్జెట్టులో దానికి పద్దు కూడా ఉండదు. మన పద్దుల పుస్తకం తెరిచి చూడండి, "కొనుగోలు" ఉంది, "విరాళం" ఉంది, "వేడుకలు" ఉంది. "మరమ్మతు" లేదు. ఏడాదికి 2,000 రూపాయలతో ఆ ఒక్క పద్దు చేర్చమని కోశాధికారి గారిని అడుగుతున్నాం.

ఆరో అంశాన్ని "తెడ్లు అమ్మివేయుట" నుంచి "వరద సామగ్రి సంరక్షణ, లైఫ్ జాకెట్ల కొనుగోలు" అని మార్చాలని సవరణ రాసి కార్యదర్శి గారికి ఇచ్చాం. సమావేశం రోజున ఏడు తెడ్లనూ హాలు గుమ్మం దగ్గర పెడతాం. లోపలికి వచ్చేముందు ప్రతి ఒక్కరూ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, బటన్ నొక్కి విప్పి, మళ్లీ కలిపి చూడండి. విడిస్తే సవరణకు చెయ్యెత్తండి. విడవకపోతే మాకు చెప్పండి, అక్కడే బకెట్టులో మంచినీళ్లు, సబ్బు పెట్టి ఉంచుతాం.